గిటారుకి ఒక్క గురువు చాలడు

గిటార్ నేర్చుకుందామనుకుంటున్నాను అని ఎవరితోనైనా అని చూడండి. రెండు నిమిషాల్లో సలహా వచ్చేస్తుంది: "ఏదో ఒక్కటే పట్టుకో. ఒక మాస్టారో, ఒక కోర్సో, ఒక పుస్తకమో. నాలుగు చోట్లా వేలు పెట్టావంటే ఏదీ రాదు." ఈ మాట చెప్పేవాళ్ళలో ఇరవై ఏళ్ళుగా గిటార్ వాయిస్తున్నవాళ్ళూ ఉంటారు, జన్మలో దాన్ని ముట్టుకోనివాళ్ళూ ఉంటారు. ఇద్దరూ ఒకే ధీమాతో చెప్తారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన సామెత ఒకటి జోడిస్తే ఇక ఆ సలహాకి తిరుగుండదు.

ఈ సలహా తప్పని నా వాదన. పూర్తిగా తప్పని కాదు. అందులో ఓ పావు వంతు నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మిగతా ముప్పావు వంతులో కొంత అలవాటు, కొంత భక్తి, కొంత వ్యాపారం. దాని వల్ల నష్టపోయేది కొత్తగా గిటార్ చేతికి తీసుకున్నవాడు.

ముందు ఒక చిన్న ఉదాహరణ. ఎవరికైనా మొదటి నెలలోనే ఎదురయ్యే జి మేజర్ కార్డు. ఒక పుస్తకం ఏం చెప్తుందంటే: మధ్యవేలు అన్నిటికన్నా లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో, చూపుడువేలు దాని పక్క తీగ మీద రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు అన్నిటికన్నా సన్న తీగ మీద మూడో ఫ్రెట్‌లో పెట్టు. ఒక వీడియోలో ఇంకొకాయన అవే చోట్ల ఉంగరపు వేలు, మధ్యవేలు, చిటికెన వేలు పెట్టమంటాడు. మూడో చోట నాలుగు వేళ్ళూ వాడమంటారు, రెండో తీగని కూడా మూడో ఫ్రెట్‌లో ఉంగరపు వేలితో నొక్కి. "చూశావా, ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. నీకు అయోమయం తప్ప ఏం మిగిలింది?" అంటారు ఒక్కటే పట్టుకోమనేవాళ్ళు.

మిగిలింది చాలా ఉంది. రెండో పద్ధతిలో జి పట్టుకున్నవాడు సి మేజర్‌కి వెళ్ళాలంటే ఉంగరపు వేలు, మధ్యవేలు ఉన్న ఆకారంలోనే తలా ఒక్క తీగ కిందికి జరుగుతాయి, చూపుడువేలు వచ్చి కూర్చుంటుంది. మొదటి పద్ధతిలో పట్టుకున్నవాడు మూడు వేళ్ళనీ లేపి మళ్ళీ పెట్టాలి. నాలుగు వేళ్ళ పద్ధతిలో ఉన్నవాడు డి మేజర్‌కి వెళ్తుంటే ఉంగరపు వేలు కదలనే అక్కర్లేదు, అది ఉన్నచోటే డి కార్డులోనూ ఉంటుంది. అంటే ముగ్గురూ ఒప్పే. ముగ్గురి మనసులో తర్వాత రాబోయే కార్డు వేరు, అంతే. కార్డు అంటే ఒక భంగిమ కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయే దారిలో ఒక మజిలీ అన్న సంగతి ఆ మూడు పాఠాలనీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి తెలుస్తుంది. ఒక్క పుస్తకమే చదివినవాడికి జి అంటే అదే జి. వాడు ఎంపిక చేసుకోలేదు. ఎంపిక ఉందనే వాడికి తెలీదు.

ఇలాంటివి ఎన్నో. ఎడమచేతి బొటనవేలు మెడ వెనకే దాగాలని క్లాసికల్ పుస్తకాలు పట్టుబడతాయి. జిమీ హెండ్రిక్స్ తన బొటనవేలిని మెడ మీంచి ఇవతలికి తెచ్చి బేస్ తీగనే నొక్కేవాడు. ఎవరు తప్పు? క్లాసికల్ గిటార్ మెడ నట్ దగ్గర సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, స్టీల్ తీగల గిటార్లు, ఎలక్ట్రిక్ గిటార్లు 43 దగ్గర ఉంటాయి. ఒకాయన ఎడమ తొడ మీద గిటార్ పెట్టుకుని కూర్చుని వాయిస్తాడు, ఇంకొకాయన భుజానికి తగిలించుకుని నిలబడి వాయిస్తాడు. రెండు సలహాలూ రెండు వేరు వేరు కొయ్యముక్కల గురించి. మీ చేతిలో ఉన్నది ఏ కొయ్యముక్కో చూసుకోకుండా "మా సార్ ఇలాగే చెప్పారు" అనడం శ్రద్ధ కాదు, బద్ధకం.

ఇక గురుభక్తి సంగతి. ఈ వాదనలో మాటకి ముందు ఏకలవ్యుణ్ణి తెస్తారు. సరే, తెచ్చారు కాబట్టి చూద్దాం. ఏకలవ్యుడు నేర్చుకున్నది గురువు దగ్గర కాదు, ఒక మట్టిబొమ్మ ముందు, తన గురిని తానే సరిచూసుకుంటూ. గురువుగారు అసలు రంగంలోకి వచ్చింది ఫీజు వసూలుకి. అదీ కుడిచేతి బొటనవేలు. గిటార్‌ని వేళ్ళతో మీటేటప్పుడు బేస్ తీగల బరువంతా మోసేది ఆ వేలే. ఒకే గురువు వాదానికి ఇంతకన్నా చెడ్డ సాక్షి దొరకడు.

"సంప్రదాయం" అనే మాటా వస్తుంది. కర్ణాటక సంగీతంలో ఒక గురువు దగ్గరే ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు కదా, గిటార్‌కి మాత్రం ఈ తిరుగుళ్ళేమిటి అని. ఆ సంప్రదాయం కథ అంత సూటిగా ఏమీ లేదు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీని ఊహించలేం. ఆ వయొలిన్‌ని ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడని చెప్తారు. అన్నగారు బ్యాండు మేళాల పాశ్చాత్య వరసలకి సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశాడు. ఇళయరాజానే తీసుకోండి. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి వేదిక నేర్చుకున్నాడు, మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం కాగితం మీద నేర్చుకున్నాడు, జి.కె.వెంకటేష్ దగ్గర పనిచేస్తూ స్టూడియో నేర్చుకున్నాడు, టి.వి.గోపాలకృష్ణన్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. ఈ నలుగురిలో ఎవరో ఒక్కరు చాలని ఆయనకి ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, ఆయన వినకపోవడం మన అదృష్టం.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ మాత్రం పాలకొల్లుది. 1969లో పుట్టిన యు.శ్రీనివాస్ ఇంట్లో తండ్రిగారి మాండొలిన్ పట్టుకున్నాడు. ఆ పిల్లాడికి కర్ణాటక సంగీతం నేర్పింది రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శ్రీనివాస్ విని తీగల మీద వెతుక్కుని వాయించేవాడు. అంటే వాయిద్యం ఒక చోటి నుంచి వచ్చింది, సంగీతం ఇంకో చోటి నుంచి వచ్చింది. ఆ రెంటినీ కలిపే పని నేర్చుకునేవాడి చెవులకీ వేళ్ళకీ మిగిలింది. "ఆయన బాలమేధావి, మనతో పోలికేమిటి" అనొచ్చు. నేను పోలుస్తున్నది ప్రతిభని కాదు, పని పంచుకున్న తీరుని. తనకి రాని పని తనకి రాదని ఒప్పుకుని, వచ్చిన పని పూర్తిగా చేసిన గురువు ఆయన. ఈ లెక్కన ఆలోచిస్తే ప్రశ్నే మారిపోతుంది. "ఎన్ని చోట్ల నేర్చుకోవాలి?" అని కాదు, "ఏ చోటు ఏ పనికి?" అని అడగాలి.

ఇక్కడే ఆ పావు వంతు నిజం ఉంది. గిటార్ కొని మధ్యలో వదిలేసినవాళ్ళు మా ఆఫీసులోనే చాలామంది ఉన్నారు. వాళ్ళందరిదీ దాదాపు ఒకటే కథ. ఒక కోర్సులో ఐదు పాఠాలు చేస్తారు. అక్కడ ఎఫ్ కార్డు వస్తుంది. చూపుడువేలితో తీగలన్నీ అదిమిపట్టాలి, రాదు. ఇంకో కోర్సు బాగుంటుందేమోనని అందులో మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు. అక్కడా ఎఫ్ వస్తుంది. ఏడాది తిరిగేసరికి నాలుగు కోర్సుల మొదటి పాఠాలలో పండితులవుతారు. ఎఫ్ మాత్రం ఎక్కడిదక్కడే. ఇది చూసే "ఒక్కటే పట్టుకో" అంటారు. కానీ జబ్బు పేరు తప్పు చెప్తున్నారు. వీళ్ళు నాలుగు వనరులు కలపలేదు. ఒకే పనిని, అంటే క్రమం చెప్పే పనిని, నలుగురికి అప్పగించారు. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పేది ఒక్కటే ఉండాలి. అది మాస్టారైనా సరే, హాల్ లెనార్డ్ పుస్తకమైనా సరే, జస్టిన్ సాండర్‌కో ఉచితంగా పెట్టిన పాఠాలైనా సరే. అక్కడ మాత్రం నిలకడ కావాలి. మిగతా పనులకి ఆ రూలు వర్తించదు.

మిగతా పనులేమిటి? చేతిని బయటి నుంచి చూసే కన్ను ఒకటి. కాలం తప్పకుండా చూసే తాళం ఒకటి. చెవికి మేత ఒకటి. వాయించాలని మనసు కొట్టుకునే పాట ఒకటి. వీటిలో ఏ రెండూ ఒకే చోట బాగా దొరకవు. పుస్తకం క్రమం బాగా చెప్తుంది కానీ దానికి వినపడదు. వీడియో చేతిని చూపిస్తుంది కానీ మన చేతిని చూడదు. మైకులోంచి విని ఆకుపచ్చ లైటు వెలిగించే యాప్ స్వరం సరైనదో కాదో చెప్తుంది. మణికట్టు బిగుసుకుపోయిందని, ఇలాగే ఇంకో ఆర్నెల్లు వాయిస్తే నొప్పి ఖాయమని చెప్పదు. మౌరో జూలియాని 1812లో అచ్చువేసిన పుస్తకంలో కుడిచేతికి 120 అభ్యాసాలున్నాయి. వాటిలో ఎడమచేతికి దాదాపు రెండే కార్డులు, సి, జి సెవెన్. అంతే. పాట లేదు, రాగం లేదు. పుస్తకంలో ఒక భాగాన్ని పూర్తిగా ఒక చేతికే కేటాయించాడాయన. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ అభ్యాసాలు చేస్తూనే ఉన్నారు.

తెలుగువాళ్ళ విషయానికి వస్తే ఈ కలపడం ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు, గత్యంతరం లేదు. ఏ ఇంగ్లీషు పద్ధతి పుస్తకంలోనూ మన పాట ఉండదు. మనం గిటార్ కొన్నది బీథోవెన్ వరసని ఒంటి తీగ మీద వాయించడానికి కాదు, చిన్నప్పట్నుంచీ విన్న సినిమా పాట వాయించుకోవడానికి. దానికోసం నెట్‌లో వెతికితే సాహిత్యం మీద కార్డులు రాసిన కాగితం దొరుకుతుంది. ఎవరో అభిమాని ఓపిగ్గా విని రాసిపెట్టింది. మంచి మనసుతో చేసిన పని, కానీ సగం సమాచారం. ఫలానా అక్షరం మీద జి అని ఉంటుంది. ఆ అక్షరం తాళంలో ఎక్కడ పడుతుందో ఉండదు. మన పాటల్లో ఎన్నో పల్లవులు సమం మీద ఎత్తుకోవు, దెబ్బ పడ్డాక అర మాత్ర ఆగో, దెబ్బకి ముందే అందుకునో మొదలవుతాయి. కార్డు మారాల్సింది దెబ్బ మీద, కాగితంలో రాసింది అక్షరం మీద. కొత్తవాడు అక్షరం మీద కార్డు మారుస్తాడు, పాట కుంటుతుంది, "నాకు రిథమ్ సెన్స్ లేదు" అనుకుంటాడు.

ఈ చిక్కు విప్పే మాట ఏ గిటార్ కోర్సులో ఉంది? నేను చూసినవాటిలో లేదు. వీధి చివర పిల్లలకి సరళీ స్వరాలు చెప్పే సంగీతం టీచరుగారి దగ్గర ఉంది. ఎడుపు, అతీతం, అనాగతం అని ఆవిడ దానికి పేర్లు కూడా పెట్టి చెప్తుంది. గిటార్ పక్కన పెట్టి, ఒరిజినల్ పాట పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ రెండుసార్లు వింటే కార్డు ఎక్కడ మారాలో తెలిసిపోతుంది. అలాగే సరళీ స్వరాలని ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని మూడు వేగాల్లో సాధన చేయిస్తారు, తాళం మారకుండా. మూడేసి మాత్రలతో ఊగుతూ నడిచే పాటకి నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ అంటగట్టే గిటారిస్టులందరికీ ఈ పద్ధతి ఒక నెల నేర్పాలని నాకు గట్టి కోరిక.

కాపో సంగతీ అంతే. గిటార్ మెడకి బిగించే ఆ చిన్న బిగింపు ఎందుకో వివరించడానికి వీడియోల్లో పది నిమిషాలు ట్రాన్స్‌పోజిషన్ పాఠం చెప్తారు. హార్మోనియం ఉన్న ఇంట్లో పెరిగినవాడికి ఒక్క వాక్యం చాలు: శ్రుతి మార్చుకోవడం. సి ఆకారంలో కార్డులు పట్టుకుని మొదటి ఫ్రెట్‌లో కాపో పెడితే ఒకటిన్నర శ్రుతి. ఆధార షడ్జం ఎక్కడికి జరిపినా సరిగమలు సరిగమలే అన్న సంగతి మనకి పుట్టుకతో వచ్చిన ఆస్తి. దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మంటే ఎందుకు వదలాలి?

రెండు పద్ధతులు నిజంగానే పోట్లాడుకునే చోట్లూ ఉన్నాయి. తంబురా నాదానికి అలవాటుపడ్డ చెవికి గిటార్ మీద గాంధారం కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది. చెవి తప్పు కాదు. ఫ్రెట్లు సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలుగా కోస్తాయి, ఆ కోతలో అంతర గాంధారం సహజ స్థానం కంటే సుమారు 14 సెంట్లు పైకి పోతుంది, అర స్వరంలో ఏడో వంతు. చెవిని నమ్మి రెండో తీగని దించితే జి కార్డు తేనెలా ఉంటుంది, వెంటనే సి పట్టుకుంటే ఆ తీగే అపశ్రుతి పలుకుతుంది. ఇక్కడ ట్యూనర్ మాట వినాలి. అయితే ఎందుకు వినాలో తెలిసి వినడం వేరు, యంత్రం చెప్పింది కాబట్టి వినడం వేరు. రెండు పాఠాలు కొట్టుకున్నప్పుడల్లా ఇలా ఒక కారణం బయటపడుతుంది. గిటార్ గురించి నేను నేర్చుకున్న వాటిలో నిలిచినవన్నీ అలా బయటపడ్డవే.

ఇంత చెప్పాక రెండో గుంపుని వదిలేస్తే అన్యాయం. "మాస్టార్లెందుకు, అంతా యూట్యూబ్‌లో ఉంది" అనేవాళ్ళు. అంతా ఉంది, నిజమే. పుస్తకాల షాపులో కూడా అంతా ఉంటుంది. వీడియో చూడటం వాయించడం కాదని వీళ్ళకి ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఆ వీడియో కింద వరసగా తయారుగా ఉన్నది ఇంకో వీడియో. "ఇక ఆపి గిటార్ తియ్యి" అని చెప్పడం ఆ వ్యాపారానికి గిట్టుబాటు కాదు. నిజానికి ఆ పరికరంలో గొప్ప సౌకర్యం పాఠాల్లో లేదు, వేగం తగ్గించే మీటలో ఉంది. గ్రామఫోన్ రోజుల్లో 33 వేగపు రికార్డుని 16లో తిప్పి నేర్చుకునేవాళ్ళు. వేగం సగమయ్యేది, శ్రుతి ఒక సప్తకం కిందికి పడిపోయేది, అయినా వదలకుండా వినేవాళ్ళు. ఇవాళ శ్రుతి మారకుండా సగం వేగంలో వినొచ్చు. "ఈ పాట గిటార్ పాఠం" అని వెతక్కుండా, అసలు పాటనే సగం వేగంలో పెట్టి బేస్ ఎక్కడ మారుతోందో పట్టుకోవడానికి అరగంట కూర్చుంటే, పది పాఠాలు నేర్పనిది వస్తుంది. ఆ అరగంట కష్టంగా ఉంటుంది. అందుకే పాఠాల వీడియోలకి అంత గిరాకీ.

మాస్టార్ల గురించి కూడా ఒక మాట. నేను కొన్నాళ్ళు వెళ్ళిన ఒక క్లాసులో మొదటి షరతు: బయట వీడియోలు చూడకూడదు, వేరే పుస్తకాలు తెరవకూడదు. క్లాసులో ఇచ్చేది మాత్రం కార్డుల బొమ్మల జిరాక్సు, నాలుగు పాటల ప్రింటౌటు. గంటలో ముప్పావు గంట మాస్టారు ఫోన్‌లో ఉండేవారు. జిరాక్సు ఎక్కడైనా దొరుకుతుంది. మాస్టారి దగ్గర మాత్రమే దొరికేది ఆయన చూపు: నీ మోచెయ్యి ఎందుకు పైకి లేస్తోంది, ఆ వేలు అంత గట్టిగా ఎందుకు నొక్కుతున్నావు, ఫ్రెట్‌కి ఇంకొంచెం దగ్గరగా పెట్టు. అది ఇచ్చే గురువుకి నెలకి రెండుసార్లు వెళ్ళినా చాలు, చేతులెత్తి దండం పెట్టొచ్చు. అది ఇవ్వకుండా ఇంకెక్కడా చూడొద్దనే మాస్టారు తన పాఠాన్ని కాపాడుకోవడం లేదు, పోలికని ఆపుకుంటున్నాడు. పది చోట్ల చూసొచ్చిన శిష్యుడు "ఇలా ఎందుకు?" అని అడుగుతాడు కదా. మంచి గురువుకి ఆ ప్రశ్న పండగ.

అసలు ఈ "ఒక్కటే పట్టుకో" అన్న సలహా ఎవరి కోసం తయారైందో ఆలోచించండి. పెద్ద ఊళ్ళో, నడిచి వెళ్ళే దూరంలో మంచి మాస్టారు ఉండి, నెలనెలా ఫీజు కట్టగలిగి, సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్ళ కోసం. అలాంటివాళ్ళకి కూడా అది సగం సలహానే. ఇక మండల కేంద్రంలో చవక గిటార్ ఒకటి కొనుక్కుని, పాత పుస్తకం ఒకటి, ఫోన్ ఒకటి, గుడి దగ్గర భజనలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు, ఊళ్ళో బ్యాండులో పనిచేసొచ్చిన మేనమామ ఒకరు ఉన్న కుర్రాడున్నాడు. వాడికి ఈ నాలుగూ కలిపితేనే ఒక గురువు. అలా కలుపుకోవడం తప్పనీ, అడ్డదారనీ, సరైన నేర్పు కాదనీ వాడిని సిగ్గుపడేలా చెయ్యకండి. క్రమానికి ఒక్కదాన్ని పెట్టుకోమనండి, వారానికోసారి తన చేతిని ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోమనండి, రోజూ కాసేపు తాళం వేస్తూ పాట వినమనండి. అంతకు మించి వాడికి "ఒక్కటే పట్టుకో" అని చెప్పదలుచుకున్నవాళ్ళు, ఆ ఒక్కటి వాడి ఊళ్ళో ఎక్కడుందో కూడా చూపించాలి.